కాటేదాన్‌లో ఒక కారు అద్దము

గాజును గురించి మన కళాశాలలోని రెండు భాషలూ రెండు విధాలుగా ఆలోచిస్తాయి. తెలుగులో అద్దమనగానే ముఖము చూచుకొనే వస్తువు ముందు స్ఫురిస్తుంది. కిటికీకి బిగించే పలక ఆ తరువాత. ఉర్దూలో ముఖము చూచుకొనేది ఆయినా, కిటికీకి బిగించేది కాంచ్, సీసాకైతే షీషా. తెలుగువాడు గాజు అనే మాటను ఆడువారి చేతికి తొడిగి మురిసిపోయినాడు. ఉర్దూ కవి షీషాను హృదయముతో పోల్చి, అది పగిలిన చప్పుడును గజళ్ళలో వినిపించినాడు. పగిలినదానిని తిరిగి బిగించుటకు ఎంత ఖర్చగునో, ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడునో వ్రాసిన కవి మాత్రము ఉభయ భాషలలోను నాకు తటస్థపడలేదు. ఆ లోటు తీర్చే శక్తి నాకు లేదు గాని, గత వర్షాకాలములో ఆ లెక్కను దగ్గరనుండి చూచే సందర్భము కలిగినది.

మా అక్కయ్య భర్త, మా ఇంటి వాడుకలో దూల్హాభాయ్, ఇరవై ఏండ్లకు పైబడి కార్లు నడుపుచున్నారు. ప్రస్తుతము ఒక వ్యాపారస్థుని వద్ద డ్రైవరు. కారు జర్మనీ దేశపు కంపెనీది; దాని ఖరీదుతో మా వీధిలో రెండు ఇండ్లు కొనవచ్చును. ఒకనాటి ఉదయము యజమానిని శంషాబాదు విమానాశ్రయములో దింపి, ఖాళీ కారుతో నగరమువైపు తిరిగి వచ్చుచుండగా, ప్రక్కనుండి దాటిపోయిన కంకర లారీ వెనుక జంటచక్రాల నడుమ ఇరుకుకొన్న రాయి ఒకటి ఎగిరి వచ్చి ఎడమవైపు వెనుక తలుపు అద్దమునకు తగిలినది. ఒకే ఒక చప్పుడు. అద్దము మొత్తము జొన్నగింజలవలె సీటుమీద రాలినది. లారీ ఆగలేదు, దాని నెంబరు పలకమీద బురద తప్ప ఏమియు లేదట.

యజమాని ముంబయినుండి మూడవనాటి రాత్రికి తిరిగి రావలెను. ఫోనులో విషయము విని ఆయన కోపగించుకొనలేదు. "నేను వచ్చేసరికి బండి సరిగా ఉండాలి. బండి నీ చేతిలో ఉండగా జరిగింది గనుక ఖర్చు నువ్వే చూసుకో" అన్నారట. కంపెనీవారి సర్వీసు కేంద్రములో విచారించగా కొత్త అద్దము 38 వేలు, తెప్పించుటకు మూడు వారాలు అన్నారు. దూల్హాభాయ్ నెల జీతము 22 వేలు. పెద్దమ్మాయి పాలిటెక్నిక్ ఫీజు కట్టవలసినది కూడ ఆ నెలలోనే. ఆయన నాకు ఫోను చేసి, "మియా, నాతోకూడ కాటేదాన్ దాకా వస్తావా? కాగితాలు చదివేవాడు ఒకడు ప్రక్కన ఉంటే బాగుంటుంది" అన్నారు.

కాటేదాన్‌ను మన విద్యార్థులలో చాలామంది బస్సు కిటికీలోనుండి చూచియుందురు. ఆరాంఘర్ కూడలికి, మైలార్‌దేవ్‌పల్లికి చేరువలోనున్న పారిశ్రామికవాడ అది. ప్లాస్టిక్, బిస్కట్లు, చాక్లెట్లు, నూనె, ఇనుప పోతలు మొదలైన సరకులెన్నో అక్కడి షెడ్లలో తయారగును. వాటి మురుగు నూర్ మహమ్మద్ కుంటను ఏమి చేసినదో ఆ చుట్టుప్రక్కల వారికి ముక్కే చెప్పును. 2008 మార్చిలో విమానాశ్రయము బేగంపేటనుండి శంషాబాదునకు తరలినది. మరుసటి సంవత్సరము మెహదీపట్నము నుండి ఆరాంఘర్ వరకు పి.వి. నరసింహారావుగారి పేరిట పదకొండున్నర కిలోమీటర్ల పైవంతెన వెలసినది. నాటినుండి నగరములోని ఖరీదైన కార్లన్నియు ఈ వాడ ప్రక్కగానే వచ్చిపోవుచున్నవి. ఆగవలసిన పనిలేదు గనుక ఆగవు. ఆగిన కారు ఏదైనా ఉన్నదంటే దానికి ఏదో జరిగినదన్నమాట.

అట్లని హైదరాబాదునకు ఖరీదైన కార్లు కొత్తవి కావు. చౌమహల్లా ప్యాలెసులో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ ఒకటి కలదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ దానికి ఆర్డరు ఇచ్చినారు. లండనులోని బార్కర్ కంపెనీవారు పైభాగము తయారు చేసినారు. 1911 ఆగస్టులో ప్రభువు మరణించిన తరువాత, 1912 నాటి బండిగా అది ఇక్కడకు చేరినది. ఒకసారి విద్యార్థులతో వెళ్ళినప్పుడు అందరు దాని సింహాసనమువంటి ఆసనమును చూచుచుండగా, ఆ కాలపు కారు అద్దము పగిలినచో ఏమయ్యెడిదని నాకు తోచలేదు. ఇప్పుడు తెలిసినది: ఆ రోజులలో కార్లకు మామూలు కిటికీగాజే వాడుక. పగిలినచో కత్తులవలె చీలి మనిషిని కోసెడిది. గాజు పొరల నడుమ జిగురుపొర చేర్చి, పగిలినను ఊడిరాకుండ చేయు పద్ధతికి ఫ్రెంచి రసాయనవేత్త బెనెడిక్టస్ 1909లోనే పేటెంటు పొందినను, అది కార్ల ముందద్దాలలోనికి విరివిగా వచ్చుటకు 1920ల చివరివరకు పట్టినది.

మేము వెళ్ళిన షెడ్డుకు బోర్డు లేదు. వర్షము సన్నగా పడుచున్నది. అద్దము లేని తలుపునకు పాలిథిన్ కాగితము, టేపు. ఉస్తాద్‌కు ఏబది దాటియుండును. అరచేతులనిండ తెల్లని సన్నని గాట్లు. కారు చుట్టు ఒకసారి తిరిగి, తలుపుమీద వ్రేలితో రెండుసార్లు తట్టి, "కాంచ్ మిల్‌తా సాబ్. నయా నక్కో, పురానా దేఖేంగే" అన్నాడు. దూల్హాభాయ్ ప్రాణము కుదుటపడి, "ఇంకా చవకగా కాదా? మామూలు గాజు కోసి పెట్టేవారట గదా, మూడువేలలో?" అని అడిగినారు. ఉస్తాద్ చేతిలోని స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టినాడు. "వేరే షెడ్డుకు వెళ్ళండి. నేను చేయను. రేపు ఆ సీటులో ఎవరి పిల్ల కూర్చుంటుందో నాకు తెలియదు." అంతే, ఆ మాట మరల ఎత్తలేదు.

అతని నిరాకరణలోనున్న శాస్త్రము నేను తరువాత చదివి గ్రహించినది. ప్రక్క తలుపులకు వాడు గాజును సుమారు 620, 650 డిగ్రీల వరకు వేడిచేసి, ఒక్కసారిగా ఇరువైపుల గాలి ఊది చల్లార్చుదురు. పైపొర ముందు గట్టిపడును. లోపలిది నింపాదిగా చల్లారుచు కుంచించుకొని, గట్టిపడిన పైపొరను తనవైపు లాగుకొనును. అందువలన గాజు నిరంతరము తనను తానే అదుముకొని ఉండును. మామూలు గాజుకంటె ఎన్నోరెట్లు దెబ్బకు తాళుటకు కారణము ఈ అదుమే. ఏదేని మొనదేలిన రాయి ఆ పైపొరను ఛేదించెనా, లోపలి బిగువంతయు ఒక్క క్షణములో విడివడి పలక మొత్తము మొద్దుబారిన గింజలుగా రాలిపోవును. పదిహేడవ శతాబ్దములో ఇంగ్లండు రాజాస్థానమును అబ్బురపరచిన రూపర్టు రాకుమారుని గాజుబొట్లలోని రహస్యము ఇదే. బొట్టు తలమీద సుత్తితో కొట్టినను పగలదు. తోక చిదిమితే పొడియగును. 1874లో ఫ్రాన్సులో దె లా బాస్తీ వేడిగాజును నూనెలో ముంచి ఈ పద్ధతికి పేటెంటు పొందినాడు. ఇట్టి గాజును ఒకసారి తయారైన తరువాత కోయుట అసాధ్యము; కోయబోతే రాలిపోవును. కావున కోసి బిగించినది ఏదైనను అది మామూలు గాజే, అనగా కత్తే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 100వ నియమము కారు అద్దాలకు భద్రతాగాజు వాడవలెనని విధించినది. ఉస్తాద్ ఆ నియమమును చదివియుండడు. చదివినవారికంటె కచ్చితముగా పాటించినాడు.

అతని వద్ద పదిహేడేండ్ల కుర్రవాడు ఒకడు పనిలో ఉన్నాడు. పదవ తరగతితో చదువు ఆపినవాడు. ప్రమాదములో ముందుభాగము నుజ్జయిన అదే రకపు కారు ఒకటి పాతసామానుల వర్తకుని వద్ద ఉన్నదని తెలిసికొని, స్కూటరుమీద వెళ్ళి, వెనుక తలుపు అద్దమును దుప్పటిలో చుట్టి తెచ్చినాడు. తెచ్చి, అద్దపు మూలనున్న చిన్న ముద్రను నాకు చదివి వినిపించినాడు. వలయములో 'ఈ' అక్షరము, ప్రక్కన 1: జర్మనీలో ఆమోదము పొందినది. 2 ఉంటే ఫ్రాన్సు, 4 ఉంటే నెదర్లాండ్సు. క్రింద సంవత్సరపు చివరి అంకె, నెలను తెలుపు చుక్కలు. మిగిలిన మూడు తలుపుల ముద్రలతో దీనిని పోల్చి, రంగు ఒకటే, మందము ఒకటే అని నిర్ధారణ చేసినాడు. నాకు మన ఉర్దూ విభాగమువారు మొదటి సంవత్సరము పిల్లలకు చుక్కలు నేర్పుట గుర్తుకు వచ్చినది. క్రింద ఒక చుక్క ఉన్న బే, మూడున్న పే, పైన రెండున్న తే. చుక్క తప్పితే మాట మారును. ఇక్కడ చుక్క తప్పితే అద్దము మారును.

"చదువు ఎందుకు మానివేసినావు?" అని అడిగినాను. అధ్యాపకులకు ఈ ప్రశ్న ఆపుకొనుట కష్టము. కుర్రవాడు నొచ్చుకొనలేదు. "సార్, మీ కాలేజీలో సాయంత్రం క్లాసులు ఉన్నాయా?" అని తిరిగి అడిగినాడు. లేవని చెప్పినాను. అతడు తలయూపి తలుపువైపు తిరిగినాడు. ఈ సంచిక కమిటీ పెద్దల దృష్టికి కూడ వచ్చును గనుక ఆ ప్రశ్నను అతడు అడిగిన మాటలలోనే ఇచ్చట ఉంచుచున్నాను.

అద్దము మార్చుట నేననుకొన్నంత సులభము కాదు. ముందు తలుపు లోపలి ప్యాడు తీయవలెను. పిడి క్రింద మూతలో దాగిన స్క్రూలు రెండు; ఆ తరువాత అంచు చుట్టు ప్లాస్టిక్ క్లిప్పులు. ఒక్కటి విరిగినను కారు నడుచునప్పుడు తలుపు కిటకిటలాడునట. దాని వెనుక నీరు చొరకుండ అతికించిన పొరను చిరగకుండ ఒలిచినారు. తలుపు అడుగున దోసెడు గాజుగింజలు. వాటిని గొట్టముతో పీల్చివేయుటకే ముప్పావుగంట పట్టినది. ఒక్క గింజ మిగిలినను కొత్త అద్దము దిగునప్పుడు గీత పడునని ఉస్తాద్ చేయి లోనికి పెట్టి అంచులు తడిమి చూచినాడు. ఆ చేతి గాట్లు ఎక్కడివో నాకు అప్పుడు తెలిసినది. రబ్బరు బీడింగుకు సబ్బునీరు రాచి, అద్దమును వాలుగా దించి, అడుగున విండో మెషిన్ పట్టుకలలో నిలిపి బిగించినారు. చివర మీట నొక్కిపట్టి అద్దమును పూర్తిగా పైకి, క్రిందికి నడిపి తలుపునకు దాని హద్దులు మరల నేర్పినారు. లేనిచో ఎవరి వ్రేళ్ళైనను నడుమ పడినప్పుడు ఆగు శక్తి దానికి ఉండదు.

ఆ మూడు గంటలలో నేను నాకు అప్పగించిన పని చేసినాను, అనగా బీమా కాగితాలు చదివినాను. మోటారు బీమాలో వస్తువులకు తరుగు లెక్కగట్టుదురు. రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీలకు సగము విలువ. గాజుకు మాత్రము తరుగు లేదు. ఈ వాక్యము చదివి నాకు నవ్వు వచ్చినది; ప్రపంచములో అన్నిటికంటె అనిత్యమని కవులు చెప్పిన వస్తువునకు బీమావారు క్షయము లేదనుచున్నారు. కొత్త అద్దము తెప్పించినచో రెండువేలు మినహా మిగిలినది బీమావారే భరించవలెను. అయితే అయిదేండ్లు వరుసగా క్లెయిము చేయనివారికి స్వంత నష్టపు ప్రీమియములో 50 శాతము తగ్గింపు లభించును. ఒక్క క్లెయిముతో అది పోవును. ఈ కారుకు ఆ తగ్గింపు సుమారు ముప్పదివేలు. కాబట్టి బీమా జోలికి పోవద్దని యజమాని అనుకొనుట లెక్క ప్రకారము తప్పు కాదు. ఎవరైనను అట్లే అనుకొందురు. ఆ ముప్పదివేలు మిగులునది ఆయనకు, అద్దము ఖర్చు పడునది డ్రైవరునకు అనునదే ఆ లెక్కలో కనబడని అంకె.

1936 నాటి వేతన చెల్లింపు చట్టములో ఒక మంచి మాట ఉండెడిది. పనివానికి అప్పగించిన వస్తువు పాడైనచో, అది అతని అశ్రద్ధవలన జరిగినదైతేనే, అతని సంజాయిషీ విన్న తరువాతనే జీతములో కోయవలెనని. అయితే అది కర్మాగారాలు, రైల్వేలు మొదలైన సంస్థలకొరకు వ్రాసిన చట్టము. ఒకరి వాకిట కారు తుడిచి నడుపువానికి దాని నీడ అందలేదు. దూల్హాభాయ్‌కు చెప్పగా, "రాయి విసిరింది నేను కానని ఆయనకూ తెలుసు మియా. చట్టము నోట పలికితే రేపటినుంచి బండి తాళమే ఉండదు" అన్నారు. నేను మరి మాటాడలేదు.

అద్దమునకు తొమ్మిదివేలు, పనికి రెండువేలు, బీడింగు, క్లిప్పులకు వేయి. మొత్తము పన్నెండువేలు. యజమానికి చూపుటకు బిల్లు కావలెనన్నాము. ఉస్తాద్‌కు వ్రాత రాదు. కుర్రవాడు నోటుపుస్తకములో కాగితము చింపి, చక్కని దస్తూరితో ఉర్దూలో వ్రాసినాడు: ముద్రలోని అంకెలు, చుక్కలు, తలుపు ఏవైపుదో, అన్నియు. దూల్హాభాయ్ ముఖము చిన్నదైనది. ఆ యజమానికి ఉర్దూ రాదు. 2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికి రెండవ అధికారభాషను చేసినది నిజమే గాని, యజమాని బల్లమీద ఆ శాసనము ఉండదు గదా. నేను అదే కాగితము క్రిందిభాగములో ప్రతి పంక్తికి తెలుగు వ్రాసి, సంతకముచేసి, కళాశాల పేరు చేర్చినాను. ఎం.ఏ. పట్టము ఆనాడు ఒక బిల్లు అనువాదమునకు అక్కరకు వచ్చినది.

మూడవనాటి రాత్రి యజమాని విమానాశ్రయములో కారెక్కి, ఎడమవైపు వెనుక అద్దమును తానే రెండుసార్లు దించి ఎత్తి చూచినారట. ఇంటివద్ద దిగునప్పుడు బిల్లు అడిగి, దీపము క్రింద పైభాగము, క్రిందిభాగము రెండును చూచి, "ఈ తెలుగు ఎవరు వ్రాసినారు?" అన్నారట. దూల్హాభాయ్ చెప్పినారు. ఆయన కాగితము మడిచి జేబులో పెట్టుకొని, సగము తాను ఇత్తునని, మిగిలిన ఆరువేలు నెలకు రెండువేల చొప్పున జీతములో పట్టుకొందునని చెప్పి లోనికి వెళ్ళినారు. పాలిటెక్నిక్ ఫీజు మా అక్కయ్య తన చేతిగాజులు కుదువపెట్టి కట్టినది, అవి బంగారువి. రెండువేల కోతలు మూడును పూర్తియైనవి. గాజులు మాత్రము ఇంకను విడిపించవలసియున్నది.