వెనక సీటు

మోటారు సైకిలు మీద ఇద్దరు కూర్చుంటారు గానీ, "బండి ఎలా ఉందండీ?" అని ఎవరైనా అడిగేది ముందు సీటాయన్నే. ఆయన "భేషుగ్గా ఉంది" అంటారు. అక్కడితో సరి. వెనక, రెండు కాళ్ళూ ఒకవైపే వేసుకుని, ఒక చేత్తో కూరల సంచీ, ఇంకో చేత్తో చీర చెంగూ, మరో చేత్తో సీటు కమ్మీ పట్టుకుని (ఆ మూడో చెయ్యి ఎక్కణ్ణించి వస్తుందో ఆడవాళ్ళకే ఎరుక) కూర్చున్న మనిషిని ఎవరూ అడగరు.

మా అత్తగారిని దాదాపు నలభై ఏళ్ళుగా అడగలేదు. మామగారు 1986లో బుల్లెట్టు కొన్నారు. ఆయన పోయాక అది మావారి చేతికొచ్చింది. నడిపే మనిషి మారాడు గానీ ఆవిడ సీటు మారలేదు. రెండేళ్ళుగా గుడి నించి వచ్చినప్పుడల్లా నడుం పట్టుకుని, "ఈ బండి నన్ను కుదేస్తోందే అమ్మాయ్" అంటున్నారు. మావారు వయసన్నారు. డాక్టరుగారు ఎముకలన్నారు. మెకానిక్కు తానొక్కడే ఎక్కి వీధి చివరిదాకా తిప్పుకొచ్చి, "షాకులు ఫస్టుక్లాసుగా ఉన్నాయమ్మా" అన్నాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు.

ఒక్కడే ఎక్కితే ఏం తెలుస్తుంది చెప్పండి! నడిపే మనిషి రెండు చక్రాలకీ మధ్యన కూర్చుంటాడు. వెనక మనిషి కూర్చునేది ఇంచుమించు వెనక చక్రం నెత్తిమీద. గోతిలో చక్రం దిగితే ఆ దెబ్బ నేరుగా వచ్చేది ఆవిడకే. పూర్వం చాలా మోటారు సైకిళ్ళకి వెనక చక్రాన్ని ఫ్రేముకి కదలకుండా బిగించేసి, నడిపేవాడి సీటు కింద మాత్రం స్ప్రింగులు పెట్టేవారట. ఇంగ్లండులో రెడ్డిచ్ ఊళ్ళో 1949లో వచ్చిన బుల్లెట్టుకి వెనక చక్రం పైకీ కిందకీ ఆడేలా చేసి, అటొకటీ ఇటొకటీ షాకబ్జార్బరు తగిలించారు. ఆ బుల్లెట్టే 1955 నించి మద్రాసులోనూ తయారవుతూ మన వీధుల్లోకి వచ్చింది.

ఆ షాకబ్జార్బరులో ఉండేది స్ప్రింగొక్కటే అనుకుంటాం. స్ప్రింగొక్కటే అయితే ఒక్క గోతికి పది ఊపులు ఊపుతుంది. దాన్ని అదుపులో పెట్టడానికి లోపల నూనె ఉంటుంది. సన్నటి కన్నాల్లోంచి ఆ నూనె అటూ ఇటూ వెళ్ళాలి. జంతికల గొట్టం ఎంత గట్టిగా నొక్కినా పిండి నిదానంగానే దిగుతుంది చూడండి, అదే కిటుకు. నూనె కారిపోయిందా, ఇక ఊపే ఊపు. పరీక్ష కూడా తేలికే. సీటు వెనక భాగాన్ని బలంగా కిందికి నొక్కి వదిలితే బండి ఒక్కసారి లేచి నిలిచిపోవాలి. మాది నాలుగుసార్లు ఊగింది. అరుగు మీంచి అత్తగారు, "అదిగో, అలాగే కుదేసేది!" అన్నారు.

"మెకానిక్కుకిస్తే పది నిమిషాల పని" అన్నారు మావారు.

"ఇచ్చాంగా, మూడుసార్లు" అన్నాను.

శనివారం రాత్రే నట్లకి నూనె పోసి నాననిచ్చాను. ఆదివారం పొద్దున బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రం జారిపోకుండా కింద పీటా, దాని మీద ఓ చెక్కముక్కా దోపాం. ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. రెండు వైపులా ఒక్కసారే విప్పకూడదు. ఒకటి విప్పితే రెండోది చక్రాన్ని పట్టి ఉంచుతుంది.

ఎడమవైపు శారీ గార్డు తీస్తే గానీ కింది నట్టు అందలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెప్తుంది: వెనక కూర్చున్న వాళ్ళు పట్టుకోడానికి పిడీ, కాళ్ళు పెట్టుకోడానికి ఆధారం, బట్టలు చక్రంలో పడకుండా కనీసం సగం చక్రానికి అడ్డూ ఉండి తీరాలని. పాపం, రాసినవాళ్ళకి చీర గుర్తొచ్చింది, నడుం గుర్తు రాలేదు.

పై నట్టు పేచీ లేకుండా వచ్చింది. కింది నట్టు మావారి బరువూ నా బరువూ కలిస్తే గానీ కదల్లేదు. ఊడిన ప్రతి వాషర్నీ ఊడిన వరసలోనే స్టీలు పళ్ళెంలో పేర్చింది మా అమ్మాయి. రబ్బరు బుష్షులు ఇరవై ఏళ్ళనాటి వక్కల్లా గట్టిపడిపోయాయి. చెక్క సుత్తితో రెండు తట్లు తట్టి బయటికి లాగితే వచ్చింది. కింది గొట్టం చుట్టూ నూనె కారి, దుమ్ము పట్టి, అచ్చం గానుగ చెక్క!

మావారు దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశారు. ఏమీ అనలేదు. తల్లి వంక ఒకసారి చూసి, రెండో వైపు నట్టుకి స్పానరు తానే వేశారు.

లోపల స్ప్రింగు ఎలా ఉందో చూద్దామని మా అమ్మాయి సరదాపడింది గానీ, నేను పడనివ్వలేదు. అది అదిమిపెట్టి బిగించిన స్ప్రింగు. దానికి తగ్గ సాధనం లేకుండా ఇంట్లో విప్పితే ఎగిరి ముఖాన తగులుతుంది. విప్పడం వరకే మన పని. కొత్తవి కూడా జతగానే కొనాలి, ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ అయితే బండి ఒక వైపు ఒకలా, రెండో వైపు ఇంకోలా లేస్తుంది.

కొత్తవాటికి కింద మెట్లు మెట్లుగా ఉన్న రింగు ఉంది. కొక్కెంలాంటి స్పానరుతో తిప్పితే స్ప్రింగు బిగుస్తుంది. మొత్తం ఐదు మెట్లు.

"ఒకటో మెట్టు మీద ఉంచు, మెత్తగా ఉంటుంది" అన్నారు మావారు.

"ఎవరికి?" అన్నాను.

ఒక్కరికైతే అది మెత్తనే. ఇద్దరెక్కితే స్ప్రింగు ముందే సగం కుంగిపోయి, గొయ్యి రాగానే అడుగంటి ఠకీమంటుంది. రెండు వైపులా సమంగా మూడో మెట్టు మీద పెట్టాం.

ఆ సాయంత్రం తల్లీ కొడుకూ గుడికీ, అటునించి బజారుకీ వెళ్ళొచ్చారు. గేటు దగ్గర ఇంజను ఆపకుండానే, "ఎలా ఉందమ్మా?" అని అడిగారు మావారు.

అత్తగారు తాపీగా దిగి, చెంగు సర్దుకుని, సంచీ నా చేతికిచ్చారు.

"బానే ఉంది గానీ, రేపు నాలుగో మెట్టు పెట్టరా. పొద్దున్నే బియ్యం తెచ్చుకోవాలి మనం."