ఆఖరి గంట ఎవరు కొట్టాలి?

కాళ్లకు ముందు వయసొస్తుంది, పిడికిలికి చివర్లో వస్తుంది... బాక్సింగ్ తెలిసినవాళ్లు తరచూ అనే మాట ఇది. వేగం తగ్గుతుంది. దెబ్బ తప్పించుకునే చురుకు పోతుంది. గుద్దులో బలం మాత్రం చాలాకాలం అలాగే ఉంటుంది. అందుకే హెవీవెయిట్ బాక్సర్‌కి తనకు వయసు మీదపడిందన్న సంగతి అందరికన్నా ఆలస్యంగా తెలుస్తుంది. ఒక్కోసారి తెలియనే తెలియదు!

ఇవాండర్ హోలీఫీల్డ్‌నే తీసుకోండి. 1997లో మైక్ టైసన్ కొరికిన చెవి ఇతనిదే. ప్రపంచ హెవీవెయిట్ టైటిల్‌ని నాలుగుసార్లు గెలుచుకున్న వీరుడు. అయిదోసారి కూడా గెలవాలని 2008 డిసెంబరు 20న జ్యూరిచ్‌లో బరిలోకి దిగాడు. అప్పటికి అతని వయసు 46. ఎదురుగా రష్యాకు చెందిన నికోలాయ్ వాల్యుయెవ్. ఏడడుగుల ఎత్తు, 140 కిలోల బరువు. హోలీఫీల్డ్ చూస్తే 97 కిలోలే. ఆ కొండ ముందు నిలబడగలడా అనుకున్నారు చాలామంది. నిలబడ్డాడు. పన్నెండు రౌండ్లూ చుట్టూ తిరుగుతూ, అందినప్పుడల్లా కొడుతూ పూర్తిచేశాడు. ఒక జడ్జి సమానమన్నాడు. మిగతా ఇద్దరూ వాల్యుయెవ్‌దే గెలుపన్నారు. ఆ తీర్పు వినగానే ప్రేక్షకులు గోలగోల చేశారు.

ఆ వయసులో అంత బాగా ఆడాడని మెచ్చుకోవాలా? 46 ఏళ్ల మనిషిని కూడా తేలిగ్గా ఓడించలేనివాడు ప్రపంచ చాంపియనా అని బాధపడాలా? హెవీవెయిట్ బాక్సింగ్ కథంతా ఈ రెండు ప్రశ్నల మధ్యే ఉంది.

రాజు లేని రాజ్యం

ఒకప్పుడు హెవీవెయిట్ చాంపియన్ అంటే ప్రపంచంలోకెల్లా బలవంతుడన్నమాట. జో లూయీ, మార్సియానో, అలీ, ఫ్రేజియర్... పేరు చెబితే చాలు, ఆటతో పరిచయం లేనివాళ్లూ గుర్తుపట్టేవారు. 2004లో లెనాక్స్ లూయిస్ రిటైరయ్యాక సింహాసనం ఖాళీ అయింది. కిరీటాలు మాత్రం నాలుగు మిగిలాయి. డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో... ఒక్కో సంస్థకు ఒక్కో బెల్టు, ఒక్కో చాంపియన్. 2006 ఆగస్టు నాటికి ఆ నాలుగూ పాత సోవియట్ దేశాల్లో పుట్టినవాళ్ల నడుముకే ఉన్నాయి. అమెరికా చేతిలో ఒక్కటీ లేదు. వాళ్లలో ఒకడైన ఒలెగ్ మస్కయెవ్ తొలిసారి ప్రపంచ చాంపియన్ అయ్యేసరికి 37 ఏళ్లవాడు!

అమెరికా ఎందుకిలా వెనకబడింది? ఆజానుబాహులైన కుర్రాళ్లు అక్కడ లేక కాదు. వాళ్లంతా బాస్కెట్‌బాల్‌కీ, అమెరికన్ ఫుట్‌బాల్‌కీ వెళ్లిపోతున్నారు. అక్కడైతే కాలేజీ చదువుకి స్కాలర్‌షిప్ దొరుకుతుంది. ఆ తర్వాత కోట్ల డాలర్ల ఒప్పందాలు. ముక్కు పగలగొట్టుకోవాల్సిన పనిలేదు. మరోవైపు పెద్ద పోటీలు మామూలు టీవీ నుంచి డబ్బు కట్టి చూసే చానళ్లకు మళ్లాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే ఆట కాస్తా కొందరి ఆటయింది. పిల్లలు చూడని ఆటను పిల్లలు నేర్చుకోరు కదా!

ఒలింపిక్స్ లెక్క చూస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. 1964లో ఫ్రేజియర్, 1968లో ఫోర్‌మన్ హెవీవెయిట్ స్వర్ణాలు గెలిచాకే ప్రొఫెషనల్ బరిలోకి వచ్చారు. 1988లో రే మెర్సర్ తర్వాత ఆ బరువుల్లో అమెరికాకు ఒక్క స్వర్ణమూ రాలేదు.

కొత్తవాళ్లు రానిచోట పాతవాళ్లు కదలరు. బలమైన కుర్రాడు ఎదురైతే ఒక్క రాత్రిలో నిజం తెలిసొస్తుంది. అలాంటివాడు లేనప్పుడు వయసు మళ్లినవాడికి ఆశ చావదు. ఆ ఆశే అసలు ప్రమాదం.

ఎర్ర నిక్కరు మహిమ

ఈ ఆశకు మూలపురుషుడు జార్జ్ ఫోర్‌మన్. 1974లో కిన్షాసాలో అలీ చేతిలో ఓడి టైటిల్ పోగొట్టుకున్నాడు. 1977లో ఆట వదిలేసి మతబోధకుడయ్యాడు. పదేళ్ల తర్వాత భారీ పొట్టతో మళ్లీ వస్తే అందరూ నవ్వారు. 1991లో హోలీఫీల్డ్ మీద పోరాడి ఓడిపోయాడు. అక్కడితో ఆగలేదు. 1994 నవంబరు 5న లాస్ వేగాస్‌లో మైకేల్ మూరర్‌తో తలపడ్డాడు. మూరర్‌కి 26, ఫోర్‌మన్‌కి 45. కిన్షాసాలో ఓడిపోయిన రాత్రి వేసుకున్న ఎర్ర నిక్కరే మళ్లీ వేసుకొచ్చాడు. తొమ్మిది రౌండ్ల పాటు దెబ్బలు తిన్నాడు. ముగ్గురు జడ్జిల లెక్కలోనూ వెనకబడ్డాడు. పదో రౌండ్‌లో ఒక్క కుడిచేతి గుద్దు... మూరర్ నేలమీద! అంత పెద్ద వయసులో హెవీవెయిట్ చాంపియన్ అయినవాడు అంతకుముందు లేడు.

ఎంత గొప్ప కథ! కానీ ఆ గుద్దు మూరర్‌నే పడగొట్టలేదు, ఎంతోమంది బుర్రల్లోని వివేకాన్నీ పడగొట్టింది. ‘ఫోర్‌మన్ గెలవలేదా?’ అన్నది నలభై దాటిన ప్రతి బాక్సర్‌కీ ఊతపదమైంది. నూరుమందిలో ఒక్కడికి తగిలిన లాటరీని చూసి మిగతా తొంభైతొమ్మిది మందీ టికెట్లు కొన్నట్టు!

కనపడని గాయం

పగిలిన కనుబొమకు కుట్లు వేస్తే మానుతుంది. మెదడుకి కుట్లు వేయలేం. పుర్రెలో ద్రవం మధ్య తేలుతున్నట్టుండే మెదడు, ప్రతి గుద్దుకీ కుదుపుకి లోనవుతుంది. బాక్సర్ల తడబాటు నడక గురించీ, ముద్దమాటల గురించీ అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లండ్ 1928లోనే రాశాడు. ఇక హెవీవెయిట్‌లో 90.7 కిలోల పైన బరువుకు హద్దే లేదు. అవతలివాడు 110 కిలోలుండొచ్చు, 140 ఉండొచ్చు. తప్పించుకునే చురుకు పోయాక ఆ బరువంతా తల మీదే పడుతుంది.

అలీ కథ అందరికీ తెలిసిందే. 1980 అక్టోబరులో, 38 ఏళ్ల వయసులో లారీ హోమ్స్‌తో తలపడ్డాడు. హోమ్స్ ఎవరో కాదు, ఒకప్పుడు అలీకి సాధన చేయించిన కుర్రాడే. పది రౌండ్లు ఏకపక్షంగా సాగాక అలీ శిక్షకుడు ఏంజెలో డండీ పోటీ ఆపించాడు. గెలిచిన హోమ్స్ ఆ రాత్రి కన్నీళ్లు పెట్టుకున్నాడని చెబుతారు. అయినా అలీ మానలేదు. మరుసటి ఏడాది బహమాస్‌లో ఇంకో పోటీ, ఇంకో ఓటమి. 1984లో పార్కిన్సన్స్ ఉన్నట్టు బయటపడింది. ఆ జబ్బుకి దెబ్బలే కారణమని తేల్చి చెప్పడం కష్టమే. కానీ ఆ చివరి దెబ్బలు తినాల్సిన అవసరం లేదని చెప్పడం కష్టం కాదు.

విచిత్రమేమిటంటే, అంత చూసిన హోమ్స్ కూడా ఆగలేదు. 38 ఏళ్లప్పుడు టైసన్ చేతిలో నాలుగో రౌండ్‌లో చిత్తయ్యాడు. 52 ఏళ్లకు ఆడితే గానీ తృప్తి తీరలేదు.

అప్పు తోసింది...

అందరినీ కీర్తి ఒక్కటే లాక్కురాలేదు. పన్ను బకాయిలు తీర్చడానికి జో లూయీ మళ్లీ బరిలోకి వచ్చి, 1951లో 37 ఏళ్ల వయసులో మార్సియానో చేతిలో దెబ్బతిన్నాడు. టైసన్ 30 కోట్ల డాలర్లకు పైగా సంపాదించి, 2003లో దివాలా పిటిషన్ వేశాడు. 2005లో కెవిన్ మెక్‌బ్రైడ్ అనే అంతగా పేరులేని బాక్సర్‌తో ఆడుతూ ఆరో రౌండ్ తర్వాత స్టూల్ మీంచి లేవలేదు. హోలీఫీల్డ్ కూడబెట్టుకున్న 109 గదుల భవంతీ అప్పుల కిందే చేజారింది.

మరి ఆపేవాళ్లు లేరా? ఉన్నారు. 2004లో లారీ డొనాల్డ్ చేతిలో ఓడాక హోలీఫీల్డ్‌కి ఆట తగ్గిపోయిందని న్యూయార్క్ క్రీడా కమిషన్ అతన్ని నిలిపేసింది. ఏమైంది? 2006లో టెక్సాస్‌లో దర్జాగా ఆడాడు. ఒకచోట తలుపు మూస్తే ఇంకోచోట తెరుచుకుంటుంది. అమెరికాలో బాక్సింగ్ లైసెన్స్ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఇస్తుంది మరి.

చూసేవాళ్లదీ పాపమే

2024 మేలో ఉక్రెయిన్ వీరుడు ఒలెగ్జాండర్ ఉసిక్ టైసన్ ఫ్యూరీని ఓడించి నాలుగు బెల్టులూ ఒక్కచోటికి చేర్చాడు. 1999లో లెనాక్స్ లూయిస్ తర్వాత హెవీవెయిట్‌లో తిరుగులేని చాంపియన్ అతనే. చక్కటి ఆట, అంతకన్నా చక్కటి బుర్ర. కానీ అప్పటికే ఉసిక్‌కి 37, ఫ్యూరీకి 35. అదే ఏడాది నవంబరులో లోకం ఎగబడి చూసింది మాత్రం వేరే పోటీ. 58 ఏళ్ల మైక్ టైసన్, 27 ఏళ్ల జేక్ పాల్ అనే యూట్యూబర్‌తో టెక్సాస్‌లో తలపడ్డాడు. రౌండ్‌కి రెండు నిమిషాలు, ఎనిమిది రౌండ్లు. టైసన్ గుద్దులు తగిలినవి 18. 6 కోట్ల ఇళ్లలో చూశారని నెట్‌ఫ్లిక్స్ గొప్పగా ప్రకటించింది.

అంటే గిరాకీ ఆటకి కాదు, పేరుకి. ఆ పేరు మోసే ఒళ్లు ఏమైపోతుందన్నది కొనేవాడికి పట్టదు, అమ్మేవాడికి అసలే పట్టదు.

సమయానికి దిగిపోయినవాళ్లూ ఉన్నారు. మార్సియానో 49 పోటీల్లో ఒక్కటీ ఓడకుండా 32 ఏళ్లకే సెలవు తీసుకున్నాడు. లెనాక్స్ లూయిస్ 2003లో విటాలీ క్లిచ్కో మీద కష్టపడి గెలిచాడు. మళ్లీ ఆడితే పెద్ద మొత్తమే వచ్చేది. కానీ బెల్టు ఉండగానే 38 ఏళ్లకు వదిలేశాడు, మళ్లీ బరివైపు రాలేదు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మన పెద్దలు ఊరికే అన్నారా?

రౌండ్ అయిపోయిందని చెప్పడానికి బరి పక్కన గంట ఉంటుంది. జీవితం అయిపోకముందే ఆట అయిపోయిందని చెప్పే గంట మాత్రం ఎక్కడా ఉండదు. దాన్ని బాక్సరే కొట్టుకోవాలి. అతని వల్ల కాకపోతే ఇంట్లోవాళ్లు కొట్టాలి. వాళ్ల మాటా చెల్లకపోతే చివరికి మిగిలేది టీవీ ముందు కూర్చున్నవాళ్లే. వాళ్ల చేతిలో ఉన్నది రిమోటే కావచ్చు. కానీ ఆ గంట మోగించడానికి అది చాలు.