శివారు దాకా వెళ్లి చూడాలి

గవర్నర్‌పేటలోని ఆడిటర్ ఆఫీసులోనో, ఆటోనగర్‌లోని విడిభాగాల దుకాణంలోనో రాత్రి పదకొండింటికి ఒక స్క్రిప్టు దానంతటదే నడవాలి. ఆ రోజు బిల్లులన్నీ పోగేసి సర్వర్‌లో పెట్టడం దాని పని. పొద్దున చూస్తే ఫైలు లేదు. చేత్తో నొక్కితే మాత్రం సలక్షణంగా నడుస్తుంది. అయినా అందరూ ముందు స్క్రిప్టు మీదే పడి, ఉన్న వరసలన్నీ కెలుకుతారు. చేత్తో నడిచిందంటే అందులోని లెక్క సరైనదేనన్నమాట. పగలు మన కళ్లెదుట నడవడానికీ, రాత్రి ఎవరూ లేనప్పుడు నడవడానికీ మధ్య ఏం మారిందో అదే ముందు వెతకాలి.

విండోస్ టాస్క్ షెడ్యూలర్‌నే తీసుకుందాం. లాగిన్ అయ్యాక మనకు కనిపించే నెట్‌వర్క్ జెడ్ డ్రైవ్, ఎవరూ లాగిన్ కాని వేళ నడిచే టాస్క్‌కు కనిపించదు. సర్వర్ పేరుతో సహా పూర్తి దారి ఇవ్వాలి. ‘స్టార్ట్ ఇన్’ గడి ఖాళీగా వదిలేస్తే పని మన ఫోల్డర్‌లో కాక సిస్టమ్32 ఫోల్డర్‌లో మొదలవుతుంది. పక్కనే ఉందనుకున్న ఫైలు దొరకదు. కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంటే, ముందే పెట్టి ఉండే టిక్కును మనం తీసెయ్యనంతవరకు టాస్క్ మొదలే కాదు. ఖాతా పాస్‌వర్డ్ మారిస్తే, పాతదానితో నమోదైన టాస్కులు ఆగిపోతాయి. 1970ల నాటి యూనిక్స్ నుంచి వచ్చిన షెడ్యూలర్ క్రాన్‌దీ ఇదే తీరు: లాగిన్‌లో మనకుండే పాత్ (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా) దానికి ఉండదు.

షెడ్యూలర్ ‘అయింది’ అని సున్నా చూపించినా నమ్మడానికి లేదు. మధ్యలో ఒక ఫైలు కాపీ కాకపోయినా, చివరి కమాండ్ సజావుగా ముగిస్తే బ్యాచ్ ఫైలు మొత్తానికీ సున్నా రావచ్చు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువకు నీళ్లు వదిలినంత మాత్రాన నాగాయలంక శివారు పొలం తడిసినట్టు కాదని డెల్టా రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది బ్యారేజీ లెక్క, నారుమడికి అందిందా అన్నది రైతు లెక్క. మనకు కావలసింది రెండోది: ఫైలు చేరిందా, తేదీ నిన్నటిదేనా, అందులో బిల్లులెన్ని?

రీస్టార్ట్ చేస్తే పోయేదానికి ఇంత విచారణ దేనికని కొందరంటారు. రీస్టార్ట్ చేసి మనిషి లాగిన్ అవుతాడు కాబట్టి ఆ పూటకు నడుస్తుంది. కారణం మాత్రం అక్కడే ఉంటుంది. అడ్మిన్ హక్కులు ఇచ్చేస్తే సరి అనేది ఇంకొందరి మాట. మామూలు లాగిన్‌లో కలిపిన నెట్‌వర్క్ డ్రైవ్ సాధారణంగా అడ్మిన్ హక్కులతో నడిచేదానికి కూడా కనిపించదు. పైగా స్క్రిప్టు పొరపాటున ఏదైనా చెరిపితే నష్టం పెద్దది. చిన్న ఆఫీసుకు ఇంత తీరిక ఎక్కడిదన్న మాటలో న్యాయం ఉంది. అయితే, ఏ పూట ఎన్ని బిల్లులు చేరాయో ఒక టెక్స్ట్ ఫైల్లో రాసే వరస చేర్చి, షెడ్యూలర్‌లో హిస్టరీ ఆన్ చేసి, పొద్దున్నే ఆ ఫైలు చూసే పని ఒకరికి అప్పగిస్తే చాలు. ఈ బిల్లులతోనే నెలనెలా జీఎస్‌టీఆర్-1 రిటర్ను వేసేవారికి గడువు 11వ తేదీ. లోపం పదో తేదీ రాత్రి బయటపడితే ఖర్చయ్యే తీరిక ఇంతకంటే ఎక్కువ. ఈ రాత్రి స్క్రిప్టు నడవకపోతే ఎవరికి, ఎన్నింటికి తెలుస్తుందో చెప్పలేని ఆఫీసులో ఆటోమేషన్ ఇంకా మొదలు కానట్టే.