మొదటి మలుపు దాకా

మే 4
మోంజా ట్రాక్. అసెట్టో కోర్సా అనే కారు రేసు ఆట. ఒంటరిగా తిరిగితే ఏ ఇబ్బందీ లేదు. 20 కార్లతో రేసు పెట్టగానే మొదటి మలుపులో జెర్కులు. సరిగ్గా బ్రేకు తొక్కే చోట.

తెర మూల అంకె సెకనుకు 60 ఫ్రేములంటోంది. చేతులు కాదంటున్నాయి.

మే 5
లెక్క వేశాను. గంటకు 270 కిలోమీటర్లంటే సెకనుకు 75 మీటర్లు. తెర 50 మిల్లీసెకన్లు ఆగితే కారు మూడున్నర మీటర్ల పైనే ముందుకెళ్లిపోతుంది, నాకు కనపడకుండా. అక్కడ మూడున్నర మీటర్లంటే ముందు కారు బంపరు.

మే 7
సగటు చూడటం మానేశా. ఒక్కో ఫ్రేముకు ఎంత సమయం పట్టిందో గీసే గ్రాఫ్ పెట్టుకున్నా. మిల్లీసెకన్లలో 15, 17, 16, 18, 48, 16. ఆ 48 సగటులో కలిసిపోతోంది. చేతికి మాత్రం తెలుస్తోంది.

మే 8
రిజల్యూషన్ సగానికి దించా. బొమ్మ అలుక్కుపోయింది. జెర్కులు అలాగే ఉన్నాయి. అంటే గ్రాఫిక్స్ కార్డు తప్పేం లేదు.

టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 34 శాతం. ఇన్నాళ్లూ ఆ అంకె చూసి ధైర్యంగా ఉన్నా. కోర్లు విడివిడిగా తెరిచి చూస్తే ఒకటి నూటికి నూరు. మిగతావి దాదాపు ఖాళీ. పెళ్లి పంక్తి మొత్తానికి ఒక్కడే వడ్డిస్తున్నాడు.

మే 11
ఈ ఆటలో ఫిజిక్స్ సెకనుకు 333 సార్లు లెక్కవుతుంది. మూడు మిల్లీసెకన్లకోసారి. టైరు, స్ప్రింగు, గాలి ఒత్తిడి. నా కారుకే కాదు, పక్కన పరిగెత్తే పందొమ్మిదింటికీ లెక్క కావాలి. తెర ఆగినా ఆ లెక్క ఆగకూడదు.

దీన్ని చేసిన కూనోస్ వాళ్ల ఆఫీసు ఇటలీలో, వల్లెలుంగా రేసు ట్రాక్ దగ్గరే. కారు బరువు ఒక చక్రం మీది నుంచి ఇంకో చక్రం మీదికి మారడం ఇంత బాగా తెలిసేది ఇందులోనే.

మే 12
కారు అద్దం. వెనక దృశ్యాన్ని మళ్లీ మొదటి నుంచి గీయాలి. అది ప్రాసెసర్‌కూ పనే.

కారు మీది మెరుపు కూడా అంతే. చుట్టూ ఆరు వైపులా గీస్తేనే వస్తుంది. ఫ్రేముకు ఆరు వైపులున్నదాన్ని రెండు చేశా. బానెట్ మీద చెట్ల ప్రతిబింబం కాస్త ఆలస్యంగా కదులుతోంది. పర్లేదు.

నీడలు ఒక మెట్టు దించా. పొగ తగ్గించా. అద్దం నాణ్యత తగ్గించా కానీ తీసెయ్యలేదు. వెనక ఎవరున్నారో తెలియకుండా బ్రేకు తొక్కను.

మే 17
మధ్యాహ్నం మూడు. బెజవాడ ఎండ. రాత్రి రెండింటికి బాగా నడిచిన రేసు ఇప్పుడు నడవట్లేదు. అవే సెట్టింగులు. చిప్ 95 డిగ్రీలు. వేడెక్కితే తన వేగం తనే తగ్గించుకుంటుంది, కాలిపోకుండా.

క్యాబినెట్ విప్పా. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము గుడ్డలా పేరుకుంది. చిప్ మీది థర్మల్ పేస్టు ఎండి పెచ్చులు కట్టింది. ఇంట్లో కాదు, వాకిట్లో దులుపుకోమంది అమ్మ. వేప చెట్టు కింద కూర్చుని పెయింటు బ్రష్షుతో గంటసేపు. బఠాణీ గింజంత కొత్త పేస్టు.

సాయంత్రం 78.

మే 22
ర్యామ్. 3200 వేగమని కొన్నవి. మూడేళ్లుగా 2133 దగ్గరే నడుస్తున్నాయి. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తేగానీ అసలు వేగం రాదు. చేశా. 48లు పోయాయి. పెద్దదంటే 30.

మూడేళ్లు. చాలాసేపు ఆ నీలం తెర ముందే కూర్చున్నా.

మే 25
పిన్ని కొడుకు వచ్చాడు. "అన్నయ్యా, కొత్త ప్రాసెసర్ వేయించరాదూ?"

వాడు చెప్పేది 5800ఎక్స్‌3డీ. 2022లో వచ్చింది. చిప్ మీదే 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్. కావలసినది పక్కనే ఉంటే ర్యామ్ దాకా వెళ్లక్కర్లేదు. ఇలాంటి ఆటలకు దాని మేలు నిజమే. నా మదర్‌బోర్డుకు అది సరిపోదు.

వాడికి స్టీరింగ్ ఇచ్చా. రెండో ల్యాపులో, "ఇక్కడ ఏదో పట్టింది" అన్నాడు. నేను తెర చూస్తూనే ఉన్నా, నాకేం కనపడలేదు. గ్రాఫ్ వెనక్కి జరిపా. 29. సరిగ్గా అక్కడే.

మే 28
వీసింక్ పెడితే బొమ్మ చీలదు. కానీ స్టీరింగ్ తిప్పాక కారు తిరగడం వెనకబడుతోంది. తీసేశా. మానిటర్‌లోనే ఉన్న ఫ్రీసింక్ పెట్టా.

ఒంటరిగా 130 ఫ్రేములు. 20 కార్ల మొదటి మలుపులో 84. కాబట్టి 80 దగ్గర కట్టేశా. ఖాళీ రోడ్డు మీద 130 వచ్చి నాకేం ఒరగదు. ప్రతి ఫ్రేమూ పన్నెండున్నర మిల్లీసెకన్లు.

జూన్ 1
2023 ఫిబ్రవరి 11, హైదరాబాద్ ఫార్ములా ఈ విద్యుత్ కార్ల రేసు గుర్తొచ్చింది. హుస్సేన్ సాగర్ పక్కన కంచె బయట నిలబడ్డా. ఇంజన్ల హోరు లేదు కాబట్టి టైర్ల చప్పుడు వినపడింది. జారబోయే ముందు టైరు సన్నగా మూలుగుతుంది.

అందుకే సెట్టింగుల్లో అన్నీ దించినా టైరు శబ్దం ముట్టుకోలేదు.

జూన్ 3
గ్రాఫ్ మూసేశా. మోంజా, 20 కార్లు, పదకొండో స్థానం నుంచి.

మొదటి మలుపు. కుడి పక్క ఎర్ర కారు. దాని ముందు చక్రం నా వైపు తిరగడం మొదలైంది. చివరిదాకా కనిపించింది. చోటు ఇచ్చా.