అప్ప పెట్టెలో ఉత్తరం

మొన్న వేసవి సెలవులకి ఇంటిల్లిపాదీ విశాఖపట్నం వెళ్ళాం. మా బరంపురం వాళ్ళకి విశాఖ పొరుగూరు లెక్క. 1936లో ఒరిస్సా వేరుపడేదాకా రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. మధ్యలో గీత పడింది గాని సంబంధాలు ఆగలేదు. మా అప్పనిచ్చింది అక్కడే.

బీచిలో కురుసుర జలాంతర్గామి చూశాం. 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరయిందట. మరుసటేడే మ్యూజియం అయింది. రిటైర్మెంటు దగ్గరపడ్డ నాకు కాస్త అసూయ కలిగింది. నన్నెవరు టిక్కెట్టు కొని చూస్తారు! రేవు దగ్గర పక్కపక్కనే మూడు కొండలు, గుడి, దర్గా, చర్చి. అవీ ఎక్కి దిగాం.

రాత్రి అప్ప ట్రంకుపెట్టె తీసి, 1991లో నాన్నగారు రాసిన ఇన్‌లాండు లెటరు మావాడి చేతిలో పెట్టింది. "చదువు నాన్నా, మీ తాత రాత." వాడికి ఒడియా, ఇంగ్లీషు వచ్చు, తెలుగు మాట్లాడతాడంతే. ట్రాన్స్‌ఫర్ల వంకతో నేర్పనిది నేనే. సిగ్గుపడి అప్ప మనవడికి అందించాను. "వైజాగు వాడివి, నువ్వు చదవరా." వాడూ కూడబలుక్కుని రెండో వరుసలో ఆగిపోయాడు.

చివరికి నేనే చదివాను. క్షేమసమాచారాలు, వానలు, నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చిన కబురు. తరవాత వాక్యం: "నీ పెళ్ళి అప్పు తమ్ముడు తీరుస్తానన్నాడు, దిగులు పడకు."

నేనా మాట ఎన్నడూ అనలేదు. ఆ అప్పు నాన్నగారే పింఛనులోంచి తీర్చారు.

ఆ వాక్యం మింగేసి కింది వరుసకి వెళ్ళిపోయాను. పిల్లలకి తెలియలేదు. అప్ప నా మొహంకేసి ఒకసారి చూసి, ఉత్తరం తీసుకుని, మడత చెడకుండా పెట్టెలో పెట్టేసింది.