రాజాబజార్ నుంచి రెజిన్ గొట్టం దాకా

కోల్‌కతా రాజాబజార్ సైన్స్ కాలేజీకి వెళ్లేవాళ్లంతా రసాయనశాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రాయ్ కోసం వెళ్తారు. 1944లో కన్నుమూసేదాకా ఆయన ఆ ప్రాంగణంలోనే ఒక గదిలో ఉన్నారు. నేను మాత్రం పులిన్ బిహారీ సర్కార్ కోసం వెళ్లాను. పారిస్‌లో జార్జ్ ఉర్బేన్ దగ్గర పనిచేసి వచ్చి ఇక్కడ రసాయనశాస్త్రం చెప్పినాయన.

ఆ ఉర్బేన్ 1907లో ఇటర్బియంలోంచి లుటీషియాన్ని విడదీశాడు. అప్పట్లో దారి ఒకటే: కరిగించాలి, స్ఫటికాలు కట్టనివ్వాలి, మళ్లీ కరిగించాలి. అమెరికాలో చార్లెస్ జేమ్స్ శుద్ధమైన థూలియం కోసం దాదాపు 15,000 సార్లు ఇదే పని చేశాడట. ఒక్క మూలకానికి! ఈ మూలకాల కుటుంబాన్ని విరళ మృత్తికలంటాం గానీ వీటిలో సీరియం భూమిలో రాగికి తీసిపోదు. దొరకడం కష్టం కాదు, ఒకదాన్నుంచి ఇంకోదాన్ని విడదీయడమే కష్టం. లాంథనం అయాన్ వ్యాసార్థం 103 పికోమీటర్లు, వరసలో చివరిదైన లుటీషియానిది 86. పద్నాలుగు అడుగుల్లో తగ్గేది పదిహేడు.

ఆ పిసరంత తేడాను పట్టుకునే గొట్టాన్ని సాల్ట్ లేక్‌లో ఒక ప్రయోగశాలలో చూశాను. చూపించిన పరిశోధక విద్యార్థిని మన శ్రీకాకుళం పిల్ల.

"కళింగపట్నం వైపు నల్లిసుకుంది చూడండి సార్, అందులోని మోనజైట్‌లో ఉండేవి ఇవే," అంది.

నిలువుగా బిగించిన సన్నటి గాజు గొట్టం, నిండా తేనెరంగు రెజిన్ పూసలు, చుట్టూ వేడినీళ్లు తిరిగే తొడుగు. పైనుంచి ఆల్ఫా హైడ్రాక్సీ ఐసోబ్యుటిరిక్ ఆమ్లం చుక్కచుక్కగా దిగుతోంది. పూసలు అయాన్లను పట్టుకుంటాయి, ఆమ్లం లాగేస్తుంది. చిన్న అయాన్ ఆమ్లాన్ని గట్టిగా అంటుకుని ముందు బయటపడుతుంది. ఊరేగింపులో ప్రతి అరుగు మీదా కూర్చునేవాడిలా పెద్దది వెనకబడుతుంది. అందుకే బరువైన లుటీషియం మొదట, తేలికైన లాంథనం చివర. తలకిందుల వరస, నాకైతే ముచ్చటేసింది.

ఆ రోజు వేసింది రెండే: నియోడిమియం, ప్రాసియోడిమియం. ముందు వచ్చిన నియోడిమియం నాళికను ట్యూబ్‌లైటు కింద పెడితే నీలిఛాయ, కిటికీ దగ్గరికి తీసుకెళ్తే లేత ఊదా. తర్వాతవి పచ్చన.

రెండో ప్రపంచ యుద్ధకాలపు అణు పరిశోధనల్లో పదునెక్కిన పద్ధతి ఇది. 1945లో ఓక్ రిడ్జ్‌లో ప్రొమీథియం దొరికింది దీనితోనే. ఇప్పుడు టన్నులకొద్దీ విడదీయడానికి ఫ్యాక్టరీలు ద్రావణి నిష్కర్షణనే వాడతాయి. గొట్టం పని అతిశుద్ధత కావలసిన చోట. కేన్సర్ వైద్యానికి వాడే లుటీషియం-177ను ఇటర్బియం నుంచి తయారుచేస్తే, విడదీయాల్సింది ఉర్బేన్ విడదీసిన జంటనే.

ఊదాకీ పచ్చకీ నడుమ, ఏ రంగూ తేలని నాళికలు కొన్ని మిగిలాయి.

"వీటినేం చేస్తారమ్మా?"

"రెండూ కలిసిపోయాయి సార్. ఆవిరి చేసి మళ్లీ పైనుంచి పోస్తాం."