ఎర్ర శనగ, తెల్ల శనగ



ఈ వారం ఒక తప్పు ఒప్పుకోవాలని రాస్తున్నాను. మన సంఘంలో ఒక అమ్మాయికి సంబంధం వచ్చింది. అబ్బాయి తల్లి నాకు ఫోన్ చేసి, "పిల్ల రంగు ఎలా ఉంటుందండీ అయ్యగారూ?" అని అడిగారు. "రంగు కొంచెం తక్కువే, కానీ మంచి పిల్లమ్మా" అన్నాను. సంబంధం తప్పిపోయింది. నేనన్న ఆ "కానీ" అమ్మాయి ఇంటిదాకా వెళ్లింది. ఆమె సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

అమరావతి చుట్టుపక్కల పత్తి, మిరప ఎక్కువే అయినా ఆ కుటుంబం కౌలు చేలో శనగ కూడా వేస్తుంది. మొన్న విత్తే ముందు ప్రార్థనకు పిలిచారు. వెళ్లేసరికి బీఎస్సీ అగ్రికల్చర్ చదివిన ఆ అమ్మాయి విత్తనశుద్ధి చేస్తోంది. పక్కపక్కనే రెండు కుప్పలు: జేజీ-11 ఎర్ర శనగ, కాక్-2 తెల్ల శనగ.

ఏదో ఒకటి మాట్లాడాలని, "తెల్లవి భలే ఉన్నాయమ్మా" అన్నాను.

"రేటు కూడా వాటికే ఎక్కువ అయ్యగారూ. కానీ మందు సరిగా పట్టించకపోతే భూమిలో ముందు కుళ్లేవీ అవే" అంది.

ఎందుకని అడిగితే చెప్పింది. శనగలో రంగు తయారీని నడిపించే జన్యువు ఒకటుంది. అది పనిచేస్తే పువ్వు గులాబీ రంగులో, పొట్టు గోధుమ రంగులో వస్తాయి. చెడిపోతే పువ్వూ తెలుపే, గింజా తెలుపే. ముదురు పొట్టు మందంగా ఉంటుంది, అందులోని వగరు పదార్థాలు బూజును ఆపుతాయి. తెల్లదానికి ఆ కాపు తక్కువ.

బఠాణీలో ఇదే జన్యువు పనిని మెండెల్ అనే కేథలిక్ సన్యాసి మఠం తోటలో చూశాడట. రంగు మొక్కకూ తెల్ల మొక్కకూ సంకరం చేస్తే మొదటి తరమంతా రంగుదే. తరువాతి తరంలో 929 మొక్కల్లో 705 రంగువి, 224 తెల్లవి. 1866లో అది అచ్చయింది. శనగలో ఈ జన్యువు ఒకటికి మించిన సార్లు చెడి తెల్ల శనగ పుట్టిందని 2016లో ఒక పరిశోధన చెప్పింది. తెలుపు నచ్చి, దాన్ని ఏరి దాచుకున్నది మనుషులే.

"ఇంకోటి అయ్యగారూ, పొట్టు తల్లి మొక్కది. లోపలి పప్పు తల్లిదండ్రులిద్దరిదీ. పొట్టు చూసి లోపల ఏముందో చెప్పలేం" అంది.

ఆమె నన్ను నిష్ఠూరమాడలేదు. శనగల గురించే చెప్పింది. నాకే తల ఎత్తబుద్ధి కాలేదు.

మనిషి రంగు ఒక్క జన్యువుతో తేలేది కాదు. తెల్ల శనగ తక్కువదనీ నేననను, అదీ దేవుడిచ్చిన ఆహారమే. కానీ తెలుపుకు ధర కట్టింది మనం. యెష్షయి ఇంట్లో సమూయేలు పైరూపం చూసి పొరబడిన సంగతి మీకు ఎన్నిసార్లు బోధించానో! మోషే పెండ్లాడిన కూషు స్త్రీ విషయమై మాట్లాడిన మిర్యాము ప్రవక్త్రి. అంటే సంఘంలో పెద్దదే. సంఖ్యాకాండము 12వ అధ్యాయం ఈసారి నాకోసమే చదువుకున్నాను.

అక్కడే ఆమెను, తల్లిదండ్రులను క్షమాపణ అడిగాను. "ప్రార్థన చేయండి అయ్యగారూ, పదును ఆరిపోతుంది" అంది. చేశాను.

ఇకమీదట సంబంధాలకు నన్ను పిల్ల గుణం అడగండి, చదువు అడగండి, విశ్వాసం అడగండి. రంగు మాత్రం అడగొద్దు, నేను చెప్పను. ప్రభువు మన చూపును సరిచేయును గాక. ఆమేన్.